కత్వ కింది ఊళ్లు

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సు కోసం నిలబడితే ఎటు చూసినా నగరమే. నెత్తిమీద స్కైవాక్, పక్కనే మెట్రో స్టేషన్, 2018లో శంకుస్థాపన జరిగి ఏళ్ల తరబడి జనానికి దుమ్ము తినిపించిన నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాలు. అక్కడి నుంచి నాగోల్ దిక్కుగా ఓ రెండు కిలోమీటర్లు పోతే మూసీ వస్తుంది. ఒడ్డు పట్టుకుని తూర్పుకు దిగితే పీర్జాదిగూడ, పర్వతాపూర్, కాచవానిసింగారం, ప్రతాపసింగారం. ఇంకా కిందికి పోతే ఏదులాబాద్, పిల్లాయిపల్లి, వలిగొండ దిక్కు ఊళ్లు. మొదట అపార్ట్‌మెంట్లు పలచబడతాయి. తర్వాత వెంచర్ల రాళ్లు వస్తాయి. ఆ తర్వాత ఒక్కసారిగా కళ్లు చెదిరేంత పచ్చదనం. వాసన మాత్రం ఊళ్లకన్నా ముందే పలకరిస్తుంది.

మూసీ గురించి ఈ మధ్య మనం మాట్లాడుకున్నంతగా ఎన్నడూ మాట్లాడుకోలేదు. 2017లో నదీతీర అభివృద్ధికి ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ ఏర్పడింది. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో చాదర్‌ఘాట్ నుంచి చైతన్యపురి దాకా నదీగర్భంలోని ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు పడ్డాయి. ఆ ఇళ్లలోని జనం ఏడుపును టీవీల్లో చూశాం. సుందరీకరణ లెక్కలన్నీ దాదాపు 55 కిలోమీటర్ల చుట్టూ తిరుగుతాయి. గండిపేట దిక్కున మొదలై, తూర్పున ఔటర్ రింగు రోడ్డు దగ్గర గౌరెల్లిలో ముగిసే నది అది. నగరం చూపు అక్కడితో ఆగిపోతుంది. అక్కడి నుంచి మూసీని నమ్ముకుని బతికే పల్లె మొదలవుతుంది. ఉప్పల్, నాచారం కూడా మొన్నమొన్నటి దాకా ఆ పల్లెలోవే. వాటి కథ తెలియకుండా మూసీని బాగుచేస్తామనడం సగం మాటే.

ఇది అసలు జీవనది కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, దాదాపు 240 కిలోమీటర్లు పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ వానాకాలం ఉరికి, ఎండాకాలానికి ఇసుకలో పాయలుగా మిగిలేది. అందుకే ఇక్కడి పెద్దలు నది ఒక్కదాన్నే నమ్ముకోలేదు. దాంట్లోకి పోయే ప్రతి వాగునూ, ప్రతి ఒర్రెనూ చెరువు కింద కట్టుకున్నారు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన వరద మీద ఇంజినీరు విశ్వేశ్వరయ్య చేసిన పరిశీలనలో ఈ సంగతి అంకెలతో సహా ఉంది. నగరానికి ఎగువన, మూసీ పరీవాహకంలో ఆయన లెక్కకు వచ్చిన చెరువులు 788. వాటిలో 221 ఆ వానకు తెగాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడితే అదీ తెగింది. అట్లా గొలుసుగా వచ్చిన నీళ్లు వేలమంది ప్రాణాలు తీశాయి. ఆ తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. నగరానికి వరద భయం తగ్గింది, తాగడానికి నీళ్లు దొరికాయి. దిగువ ఊళ్లకు మాత్రం నది సన్నబడింది.

తూర్పున కూడా అదే గొలుసు. నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, చిన్నచెరువు, కాప్రా ఊరచెరువు. ఒకటి నిండితే అలుగు పోసి కిందిదాన్ని నింపడం, చివరికి మిగిలింది మూసీకి చేరడం ఈ నేల వాలు నేర్పిన పద్ధతి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత తడి ఇవ్వాలో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. కట్టను కాయడానికి కట్ట మైసమ్మ ఉండేది. చాలా చెరువులకు ఇప్పుడు నీరటి లేడు, ఆయకట్టూ లేదు. మైసమ్మ గుడి మాత్రం టైల్స్ వేయించుకుని, ఆషాఢంలో బోనాలు అందుకుంటూ ఉంది. ఇంతమంది కొత్తవాళ్లు వచ్చి చేరినా ఆ తల్లికి బోనం ఎత్తడం మానకపోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఏ కట్టను కాయమని ఆమెను నిలబెట్టామో మరిచిపోవడమే బాధ.

ఆ మరుపుకు 2020 అక్టోబరు 13 రాత్రి బదులు దొరికింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. చాలా ఇళ్లలో మొదటి అంతస్తు దాకా బురదే. నీళ్లకు కొత్త దారులేం పుట్టలేదు. చెరువు గర్భంలోని పాత శిఖం భూములు, పాత అలుగు కాలువలు ఎక్కడెక్కడ ఉండేవో ఆ రాత్రి అవే గీసి చూపించాయి.

కచ్చేరీ మారింది, ఊరు మారింది

నిజాం కాలంలో నగరం చుట్టూరా ఉన్న పల్లెలు అత్రాఫ్ బల్దా జిల్లా. అందులో ఎక్కువ భాగం సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు శిస్తు కట్టే భూములు. పోలీసు చర్య తర్వాత అత్రాఫ్ బల్దా, బాగాత్ జిల్లాలను కలిపి హైదరాబాద్ జిల్లా చేశారు. 1978లో నగరాన్ని విడదీసి, చుట్టూ ఉన్న పల్లెలకు హైదరాబాద్ రూరల్ అని మొదట పేరుపెట్టి, తర్వాత కొండా వెంకట రంగారెడ్డి పేరు మీద రంగారెడ్డి జిల్లా అన్నారు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది, 1985లో మండలాలు వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్, కాప్రా సహా 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2016 అక్టోబరు 11 నుంచి ఇది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఒకే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి మూడు జిల్లాల చిరునామా రాసుకున్న నేల ఇది.

నాచారం ముందు మారింది. నగరం తూర్పున పారిశ్రామికవాడలు పెట్టినప్పుడు నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి, మౌలాలి వరుసగా ఫ్యాక్టరీల చేతికి వచ్చాయి. మందులు, రసాయనాలు, ఇంజినీరింగు, తినుబండారాలు, దుస్తులు అన్నీ ఇక్కడ తయారయ్యాయి. ఈఎస్ఐ ఆసుపత్రి వచ్చింది, హెచ్ఎంటీ నగర్ లాంటి ఉద్యోగుల కాలనీలు లేచాయి. ఎన్టీ రామారావు రామకృష్ణ స్టూడియో ఇక్కడే కట్టించారు. నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి, ఆపైన శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి పనికి వచ్చినవాళ్లు పాత ఊరి చుట్టూ గదులు అద్దెకు తీసుకున్నారు. షిఫ్టు దిగే వేళ నాచారం రోడ్డు మీద టిఫిన్ డబ్బాలతో నడిచే జనంలో ఎన్ని యాసలు వినిపిస్తాయో! పొలం పోయినా పని దొరికిందన్న తృప్తి నాచారానికి ఉంది, దాన్ని కాదనలేం. దాని ధర మాత్రం పెద్దచెరువు కట్టింది. నీళ్లు తాగే చెరువు నురగ తేలే చెరువయింది.

ఉప్పల్ మీద మొదట పరిశోధన సంస్థలు వచ్చి వాలాయి. ఉప్పల్ రోడ్డులో 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, తర్వాత సీసీఎంబీ. 2005 నవంబరు 16న కొత్త స్టేడియంలో భారత్, దక్షిణాఫ్రికా వన్డే ఆడాయి. అప్పటి నుంచి దేశమంతా ఉప్పల్ పేరు క్రికెట్ వ్యాఖ్యానంలో వింటోంది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. అయితే ఊరి రూపు నిజంగా తేల్చింది ఇవేవీ కావు, భగాయత్ భూములు.

నది ఒడ్డున, తోట భూములుగా పేరుపడిన వందల ఎకరాలను 2000 తర్వాతి ఏళ్లలో నగరాభివృద్ధి సంస్థ హుడా సేకరించింది. మురుగుశుద్ధికి కొంత, మెట్రో డిపోకు కొంత పోగా మిగిలింది లేఅవుట్ అయింది. భూమి ఇచ్చిన రైతులకు ఎకరాకు వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తామన్నారు. ఆ మాట చేతికి అందడానికి దశాబ్దం పైగా పట్టింది. ఈలోపు ఎంతమంది పెద్దవాళ్లు కాలం చేశారో, ఎన్ని కుటుంబాలు ఆ కాగితాన్ని తక్కువకే అమ్ముకున్నాయో ఊర్లో ఎవరిని కదిలించినా చెబుతారు. 2019లో, హుడా స్థానంలో వచ్చిన హెచ్ఎండీఏ వేలాలు మొదలయ్యాయి. 2021 డిసెంబరులో ఇక్కడ గజం లక్ష రూపాయలు దాటింది. మినీ శిల్పారామం వచ్చింది. సాయంత్రం పిల్లల్ని తీసుకుని అక్కడికి వచ్చే తల్లిదండ్రులకు, తాము కూర్చున్న చోట కొత్తిమీర, పుదీనా, తోటకూర మళ్లు ఉండేవని చెప్పే పలక ఒక్కటైనా పెడితే బాగుండేది.

మోపుల లెక్క

ఉప్పల్‌లో ఆగిన సేద్యం కిందికి జరిగింది. మూసీ వెంట పర్వతాపూర్, ప్రతాపసింగారం దిక్కున ఎక్కువగా కనిపించేది వరి కాదు, కూరగాయలు కాదు. పారాగడ్డి. మనిషి నడుము దాకా పెరిగే మెత్తటి గడ్డి. కణుపులున్న తీగముక్కను బురదలో గుచ్చితే చాలు, వేరు పట్టి అల్లుకుంటుంది. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కోస్తూనే ఉండొచ్చు. నెల, నెలన్నరకు ఒక కోత. ఎరువు కొనాల్సిన పని లేదు, నగరం పంపే మురుగులోనే కావలసినంత నత్రజని ఉంది. పెట్టుబడి భయం, గిట్టుబాటు భయం లేకుండా ఏడాది పొడుగునా రోజూ చేతికి డబ్బు ఆడే పంట ఈ చుట్టుపక్కల ఇదొక్కటే.

పొద్దు పొడవకముందే మడిలో దిగుతారు. చీర కుచ్చెళ్లు పైకి దోపి, పాత చొక్కా తొడుక్కుని, తలకు తువాలు చుట్టుకుని, పిక్కల లోతు నల్లనీళ్లలో వంగి కొడవలితో మొదలు దగ్గర కోస్తారు. ఎడమచేత పిడికిలి నిండగానే పక్కన పడేస్తారు. పిడికిళ్లు కలిపి కట్ట, కట్టలు కలిపి మోపు. కట్టడానికి వేరే తాడు ఉండదు. నాలుగు గడ్డిపోచలు మెలిపెట్టి, మోకాలితో అదిమి, బిగించి ముడి వేస్తారు. ఆ ముడి నగరం దాకా పోయినా విప్పుకోదు. గట్టు మీద ఆటో ట్రాలీ ఆగి ఉంటుంది. "ఎన్ని మోపులాయెనే అక్కా?" అంటే లెక్క చెప్పి, నెత్తి మీది తడి మోపును దబ్బున ట్రాలీలో పడేస్తారు. తెల్లారేసరికి బండి గడ్డి మండీకో, నేరుగా బర్రెల షెడ్డుకో చేరాలి. ఆలస్యమైతే గడ్డి వాడిపోతుంది, ధర పడిపోతుంది.

ఇందులో భూమి ఒకరిది, కౌలు ఒకరిది, కోత ఒకరిది, బండి ఒకరిది, పాడి మరొకరిది. నగరం సందుల్లో ఇప్పటికీ బర్రెలు కట్టుకుని పాలు పోసే ఇళ్లు, శివారు డెయిరీ షెడ్లు ఈ గడ్డి మీదే ఆధారపడ్డాయి. అంటే నగరం కాలువలోకి వదిలిన నీళ్లు గడ్డి అయి, గడ్డి పాలు అయి, తెల్లారి మళ్లీ నగరం చాయ్‌లోకే వస్తున్నాయి. ఆకుకూరలు కూడా అంతే. మూసీ ఎక్కడో పారుతుందనుకునే ఇంటికి కూడా మూసీ రోజూ వచ్చి పోతోంది.

ఎవరి నీళ్లు ఇవి?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది మురుగు అంటారు. ఇంకాస్త వెనక్కి పోదాం. హైదరాబాద్ తాగే నీళ్లు ఒకప్పుడు గండిపేటవి, అంటే ఉస్మాన్‌సాగర్‌వి. తర్వాత మంజీర వచ్చింది. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. వందల కిలోమీటర్ల పైపుల్లో ఎత్తిపోసి తెచ్చిన ఆ నీళ్లు ఇళ్లలో వాడుకున్నాక నాలాల వెంట మూసీలోనే పడతాయి. నగరం ఎంత పెరిగితే మూసీ అంత నిండుగా పారుతోంది. ఎండాకాలం ఎండిపోయే నది జీవనది అయిందంటే కారణం అదే. ప్రతాపసింగారం మడిలో పారేది మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లు. అందులోని కృష్ణ వాటా చివరికి వాడపల్లిలో మళ్లీ కృష్ణకే చేరుతుంది.

ఈ నీటిని మళ్లకు మళ్లించేది కత్వలు. నదికి అడ్డంగా రాతితో కట్టిన తక్కువ ఎత్తు ఆనకట్టను తెలంగాణలో కత్వ అంటారు. వీటి వెనుక నీళ్లు నిలిచి, పక్కనున్న కాలువ గుండా చెరువులకు, మళ్లకు పోతాయి. పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డి కాలువ, బునాదిగాని కాలువ, భీమలింగం కత్వ, ఆసిఫ్ నహర్. భూదానానికి పుట్టిల్లయిన పోచంపల్లి చుట్టుపక్కల నుంచి వలిగొండ, రామన్నపేట దాకా వరి నాట్లు పడేది ఈ పేర్ల మీదే. ఇంకా కింద సూర్యాపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఉంది.

నీళ్లు పెరిగాయి, పంట పెరిగింది, ఊరు చల్లగా ఉందని ఎవరైనా అనుకుంటే ఒకసారి కత్వ దగ్గర నిలబడి చూడాలి. రాతి మీంచి దూకే నీళ్లు తెల్లటి నురగగా లేచి, గాలికి ముద్దలు ముద్దలుగా పొలాల మీద పడతాయి. ఇళ్ల మురుగు ఒక్కటే అయితే అది వేరు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగుకాలువలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేర్చే ఏర్పాటు జరిగింది. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రానికి రసాయనాలు ఎంతవరకు లొంగుతాయని దిగువ ఊళ్లు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీల పాపం కూడా ఈ నదికే చేరింది.

దాని ఫలితం మనుషుల మీద, మడి మీద కనిపిస్తుంది. గడ్డి కోసేవాళ్ల కాళ్లకు, చేతులకు దురదలు, మానని పుండ్లు. వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, తాలు ఎక్కువ, గింజ తక్కువ. మట్టిలో ఉప్పు పేరుకుంటుంది. చాలాచోట్ల వరి వదిలి గడ్డికి మళ్లడానికి ఇదే కారణం. తాము పండించిన ధాన్యం అమ్మేసి, ఇంటికి వేరే బియ్యం కొనుక్కునే రైతులు మూసీ వెంట ఎందరో ఉన్నారు. పండించిన రైతే ఆ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోవడం కన్నా కష్టమైన సంగతి సేద్యంలో ఇంకేముంటుంది! బోర్లలో నీళ్లు చెడిపోయి, తాగడానికి క్యాన్లు కొనుక్కోవడం మొదలైంది కూడా ఈ ఊళ్లలోనే. మూసీలో వల వేసిన గంగపుత్రులు, ముదిరాజులు ఊరి చేపలు ఒక్కో రకమే మాయమవుతుంటే చూశారు. మురుగును తట్టుకునే రకాలు మిగిలాయి, వాటికి గిరాకీ లేదు. బట్టలు ఉతికే రాళ్లు వదిలి రజకులు నగరం బాట పట్టారు. ఈత చెట్లు పోయిన గౌడలు కొందరు ఆటోలు నడుపుతున్నారు.

అయినా ఊరు ఊరుగానే ఉంది. ఏదులాబాద్‌కు ధనుర్మాసంలో పోయి చూడండి. అక్కడి గోదాదేవి ఆలయానికి తెల్లవారుజామున చలిలో నగరం నుంచి కార్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి ట్రాక్టర్లు వస్తాయి. భోగినాడు గోదా కల్యాణానికి నేల ఈనినట్టు జనం. అదే ఊరి లక్ష్మీనారాయణ చెరువులోకి కాలువ గుండా వచ్చేది మూసీ నీళ్లు. సద్దుల బతుకమ్మ నాడు కూడా ఈ ఊళ్ల ఆడబిడ్డలు ఎక్కడున్నా పుట్టింటికి వస్తారు. ఉప్పల్, నాచారంలో బతుకమ్మను చెరువు పక్కన విడిగా కట్టిన కొలనులో వదులుతున్నారు, చెరువు నీళ్లు ముట్టుకునేట్టు లేక. తంగేడు, గునుగు పూలు కూడా ఇప్పుడు ఊరి బీడు నుంచి రావు, సంతలో కొనాలి. పాట మాత్రం కొనుక్కోలేదు. ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి నేరుగా వచ్చి వలయంలో కలిసే ఆడవాళ్లను చూస్తే ఈ నేల ఇంకా పల్లెను మరవలేదని ధైర్యం వస్తుంది.

శుద్ధి పనులు జరగలేదని అనను. మూసీ కాలుష్య నివారణ మొదటి దశలోనే అంబర్‌పేటలో రోజుకు 339, నాగోల్‌లో 172, ఉప్పల్ నల్లచెరువు దగ్గర 30 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో కేంద్రాలు వచ్చాయి. రోజుకు దాదాపు 1,950 మిలియన్ లీటర్ల మురుగు వచ్చే నగరానికి అవి చాలలేదు. తర్వాత రూ.3,866 కోట్లతో 31 కొత్త కేంద్రాలు తలపెట్టారు. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గుండా మూసీలోకి వదలాలన్న ఆలోచన కూడా వచ్చింది. 2024 నవంబరు 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సంగెం నుంచి భీమలింగం కత్వ దిక్కుగా మూసీ వెంట నడిచారు. ఒక ముఖ్యమంత్రి దిగువ ఊళ్లకు పోయి ఆ నీళ్ల ఒడ్డున నడవడం చిన్న విషయం కాదు. ఆ నడక ప్రణాళిక కాగితాల్లోకి రావాలి.

ఎందుకంటే నీళ్లు శుభ్రమైతే దిగువన లెక్కలన్నీ మారతాయి. శుద్ధి బాగా జరిగితే నీటిలో నత్రజని తగ్గుతుంది. గడ్డికి ఉచితంగా దొరికే ఎరువు ఆగిపోతుంది. అది చెడ్డ సంగతేం కాదు, వరి, కూరగాయలు మళ్లీ రావచ్చు. కానీ గడ్డి మీద బతికే కౌలుదారు, కోతకూలీ, ఒక బర్రె పాడి ఉన్న ఇల్లు ఆ మధ్యకాలం ఎలా గడుపుకోవాలో ఎవరూ లెక్క వేయలేదు. భూమి లేని కూలీ పేరు ఏ పరిహారం జాబితాలోనూ ఉండదు. శుద్ధి చేసిన నీటికి ఫ్యాక్టరీలు, నిర్మాణాలు, పార్కులు గిరాకీ పెట్టుకుంటే కత్వకు చేరేది ఎంత? ఎండాకాలం ఎన్ని నీళ్లు కిందికి వదులుతారు? నది గట్లు సిమెంటు గోడలైతే కాలువలకు తలుపులు ఎక్కడ? 1908 తర్వాత ఎగువన రెండు సాగర్లు కట్టినప్పుడు దిగువ ఊళ్లను ఎవరూ అడగలేదు. భగాయత్‌లో అడిగారు గానీ, ఇచ్చిన మాట ఏళ్లు తిన్నది.

నది ప్రణాళిక మీద సభలు సచివాలయంలో, హోటళ్లలో జరుగుతున్నాయి. ఒక్క సభ ప్రతాపసింగారంలో పెట్టాలి. గడ్డి కోసేవాళ్లు మోపులు ఎక్కించి ఇంటికొచ్చాక, పదింటికి. ప్రతి కత్వ దగ్గర నీటిని పరీక్షించి, అందులో ఏముందో తెలుగులో పంచాయతీ బోర్డు మీద నెలనెలా రాయడం ఎప్పటి నుంచి మొదలుపెడతారో ఆ సభలోనే చెప్పాలి. ఔటర్ దిగితే ఊరు ఎంతో దూరం లేదు.